కైసరు బొమ్మ మన మట్టిలో
(ఆంధ్రదేశంలో దొరికిన రోమను బంగారు నాణేలు – కొన్ని తలంపులు)

ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయుమని సంపాదక వర్గంవారు కోరినప్పుడు, మిషనెరీల రాకను గురించో మన సంఘాల స్థాపనను గురించో వ్రాయడం ఉచితమని మొదట తలచాను. ఆ పనిని ఈ సంచికలో నాకంటె పెద్దలు, అనుభవజ్ఞులు చేస్తున్నారు. కనుక వారికి వదిలి, కొంతకాలంగా నా మనస్సులో మెదులుతున్న వేరొక సంగతిని పాఠకుల ముందుంచుతున్నాను. ఇది కోడూరులో ఒక ఆదివారం ఆరాధన తర్వాత ఒక వృద్ధుడు నన్ను అడిగిన ప్రశ్నతో ఆరంభమైనది.

ఆ దినం నేను మత్తయి సువార్త 22వ అధ్యాయం మీద ప్రసంగించాను. పరిసయ్యులు పన్ను విషయంలో ప్రభువును చిక్కుపరచ జూడడం, ఆయన పన్నురూక తెమ్మని అడిగి దాని మీది రూపం ఎవరిదో వారిచేతనే చెప్పించడం మనకందరికీ తెలిసిన ఘట్టమే. ఆ రూక ఎట్లుండునో కూడా కొంచెం వర్ణించి చెప్పాను. ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయినా, ఎనభై దాటిన ఒక పెద్దాయన కర్ర ఆనుకొని గుమ్మం దగ్గరే నిలిచిపోయాడు.

“అయ్యగారూ, ఆ కైసరు బొమ్మ ఎట్టా ఉంటదండీ? గెడ్డం ఉంటదా?”

“గడ్డం ఉండదు తాతా. ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. తలకు ఆకుల దండ ఉంటుంది.”

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. పిమ్మట మెల్లగా తన కథ చెప్పాడు. తన చిన్నతనంలో తండ్రి ఒక ఆసామి దగ్గర పాలేరుతనం చేస్తూ పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలేవాడట. పాత ఊళ్ల దిబ్బల మన్ను ఎరువుగా చేలకు తోలడం మన ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉన్న వాడుక. ఒకనాడు పారకు మూడు పచ్చని బిళ్లలు తగిలాయట. ఒకదాని మీద పక్కకు తిరిగిన మనిషి తల ఉన్నదట. ఎవరికీ చెప్పకుండా చీకటి పడ్డాక కంసాలి ఇంటికి తీసికొని వెళితే, ఆయన వాటిని మూసలో వేసి కరిగించి, తన కూలి బంగారం తాను తీసికొని, మిగిలినదానితో ఒక జత కమ్మలు చేసి ఇచ్చాడట. ఆ కమ్మలు ఈ పెద్దాయన తల్లి చెవులకు చాలా ఏండ్లున్నవి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇల్లు పోయింది. ఇంటిమీదికి తాటాకూ వాసాలూ, కడుపుకింత బియ్యమూ కొనడానికి ఆ కమ్మలు అమ్మేశారు.

“ఆ బొమ్మ కైసరుదే అంటారా, అయ్యగారూ?” అని ఆయన అడిగాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. అది రోమను నాణెం కావచ్చు. ఇంగ్లీషు దొరల కాలపు సవరను కాసు కూడా కావచ్చు; దాని మీదను పక్కకు తిరిగిన తలయే ఉంటుంది. మన్ను ఏ దిబ్బ నుండి తెచ్చారో కూడా ఆయనకు జ్ఞాపకం లేదు. బిళ్ల కరిగిన రాత్రే జవాబు కూడా కరిగిపోయింది.

ఇంటికి వచ్చిన తర్వాత కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. కైసరు బొమ్మ ఉన్న బంగారం మన తెలుగునేలకు రావడం సాధ్యమా? వస్తే ఎందుకు వచ్చింది? దొరికినవి ఏమైనవి? ఈ మూడు ప్రశ్నలకు నేను చదివి తెలిసికొన్నంతవరకు జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

సముద్రపు దారి

క్రీస్తు శకం మొదటి శతాబ్దపు మధ్యకాలంలో ఐగుప్తు దేశపు గ్రీకు వర్తకుడొకడు ఎర్ర సముద్రం మొదలుకొని మన తీరం వరకు గల రేవులను వరుసగా వర్ణిస్తూ ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. దానికి ఎరిత్రియను సముద్రపు పెరిప్లస్ అని పేరు. అందులో తూర్పుతీరాన మసలియా అను దేశమున్నదనీ, అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయనీ ఉన్నది. ఆ మసలియా మన కృష్ణా ముఖద్వార ప్రాంతమేనని పండితుల నిర్ణయం. బందరు కలంకారీకీ మన నేతకూ పేరు రావడానికి ఎంతో ముందే మన సాలెల మగ్గాల ఖ్యాతి ఐగుప్తు దాకా పోయిందన్నమాట.

తర్వాత సుమారు నూరు సంవత్సరాలకు, అలెగ్జాండ్రియా నగరవాసి టాలెమీ తన భూగోళ గ్రంథంలో ఈ ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. మైసోలస్ అను నది ముఖద్వారాలు, కొంటకొస్సిల అను వర్తక పట్టణం, కొడ్డూర, అల్లొసిగ్నె అను మరొక వర్తక పట్టణం, అక్కడ నుండి సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచే చోటు – ఇట్లు వరుసగా పేర్కొన్నాడు. మైసోలస్ మన కృష్ణవేణియే. కొంటకొస్సిల మన పొరుగున ఉన్న ఘంటసాల. నాగార్జునకొండ శాసనమొకదానిలో కంటకసోల అను పేరు కనబడడంతో ఈ సంగతి రూఢియైనది. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో మహానావికుడని బిరుదు గల శివకుడను వ్యక్తి పేరున్నది. అనగా పెద్ద ఓడలు నడిపిన మనిషి ఈ నేలమీద నడిచాడు.

కొడ్డూర అను పేరు వినగానే మా ఊరివారికి కోడూరు అని తోచడం సహజం. నాకూ మొదట సంతోషమే కలిగింది. కాని దానిని బందరు దగ్గరి గూడూరుగా గుర్తించిన పండితులున్నారు. పైగా రెండువేల ఏండ్లుగా కృష్ణమ్మ ఒండ్రు తెచ్చి పోస్తూ సముద్రాన్ని వెనుకకు నెడుతున్నది. నాడు ఓడలు ఆగిన ఘంటసాల నేడు సముద్రానికి చాలా ఎడంగా ఉన్నది. పేరు ఒకటిగా వినబడినంత మాత్రాన ఊరికి లేని గొప్పను తగిలించుకోవడం సత్యానికి న్యాయం కాదు గనుక ఆ విషయాన్ని అక్కడికి విడిచిపెడుతున్నాను.

రోమునుండి వచ్చే ఓడలకు మన దేశంలో కొనవలసినవి ఎన్నో ఉన్నవి – మిరియాలు, ముత్యాలు, రత్నాలు, సన్నబట్టలు. కాని వారి సరకుల్లో మనవారికి కావలసినవి తక్కువ. అందుచేత తేడాను బంగారంతోను వెండితోను పూడ్చవలసి వచ్చింది. ఆ కాలపు రోమను గ్రంథకర్త ప్లినీ దీనిని గురించి చాలా విచారపడ్డాడు. ఏటేటా హిందూదేశానికే అయిదు కోట్ల సెస్టర్సులు పోతున్నాయని ఆయన లెక్క. నూరు సెస్టర్సులకు ఒక బంగారు నాణెం. అనగా ఏడాదికి 5 లక్షల బంగారు నాణేల విలువ! ఆ లెక్కలో కొంత అతిశయోక్తి ఉండవచ్చుననీ, విలాసాలను మందలించడం ఆయన ఉద్దేశమనీ చరిత్రకారులంటారు. అయినను ధనం ఏ దిక్కుకు ప్రవహించిందో దానివలన స్పష్టమవుతున్నది.

ఆ బంగారు నాణేన్ని రోమనులు ఔరియస్ అనేవారు. ఔగుస్తు కైసరు కాలంలో దాని తూకం ఎనిమిది గ్రాములకు కొంచెం తక్కువ. నీరో 64వ సంవత్సరంలో దానిని ఏడుంబావు గ్రాముల వరకు తగ్గించాడు. ఒక ఔరియస్‌కు 25 వెండి దేనారములు. ద్రాక్షతోట యజమాని ఉపమానంలో కూలివానికి దినమునకు ఒక దేనారము జీతమని మనమెరుగుదుము. ఆ లెక్కన ఒక్క బంగారు నాణెం ఒక కష్టజీవికి ఇరవై అయిదు దినాల చెమట.

మన జిల్లాల్లో దొరికినవి

ఇక దొరికినవాటి సంగతి. వీటిలో మొదట లోకానికి తెలిసినది నెల్లూరు దగ్గరి నిక్షేపం. 1786 ప్రాంతంలో ఒక రైతు కొండవాలున దున్నుచుండగా నాగలికి ఇటుకల కట్టడమొకటి అడ్డుపడింది. త్రవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని క్రింద ఒక చిన్న కుండ, కుండలో రోమను బంగారు నాణేలు! ఆ రైతు వాటిని పాతబంగారం క్రింద అమ్ముకున్నాడు. చాలా భాగం కరిగిపోయి ఉంటుంది. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా తిరిగి సంపాదించాడు. ఆ సమయమందు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండరు డేవిడ్సనుకు వాటిలో రెండు ఏరుకునే అవకాశం దొరకగా, హేడ్రియన్ చక్రవర్తిది ఒకటి, ఫాస్టీనా రాణిది ఒకటి తీసుకున్నాడు. ఈ వృత్తాంతాన్ని ఆయన లేఖగా వ్రాయగా అది ఏషియాటిక్ రీసెర్చెస్ రెండవ సంపుటంలో అచ్చయినది. వాటిలో ట్రాజన్ చక్రవర్తి నాణేలు కూడా ఉన్నవి. కొన్ని నిన్ననే టంకశాల నుండి వచ్చినట్లు మెరుస్తున్నవనీ, కొన్ని మాత్రం అరిగి, రంధ్రాలు పడి, చేతికో మెడకో ఆభరణాలుగా ధరించినట్లున్నవనీ ఆయన గమనించాడు.

రెండవది వినుకొండ నిక్షేపం. 1889లో అది దొరికేనాటికి వినుకొండ కృష్ణా జిల్లాలోనిదే. గుంటూరు ప్రత్యేక జిల్లాయైనది 1904లో. అక్కడ దొరికిన పదిహేను బంగారు నాణేలు తిబెరి కైసరు మొదలుకొని కారకల్లా చక్రవర్తి వరకు, అనగా సుమారు రెండువందల ఏండ్ల కాలానికి చెందినవి. ఒక తరం వారు కూడబెట్టినది కాదది. ఎన్ని చేతులు మారి, ఎన్ని ఇండ్ల భోషాణాల్లో నిద్రించి ఆ నాణేలు ఒకచోట చేరాయో ఊహించుకోవలసిందే.

మూడవది నాగార్జునకొండ. నాగార్జునసాగరం క్రింద ఆ లోయ మునిగిపోకముందు 1954 నుండి 1960 వరకు అక్కడ విస్తారంగా త్రవ్వకాలు జరిపారు. ఆ ఇక్ష్వాకుల రాజధానిలో రోమను బంగారు నాణేలు రెండు దొరికాయి. ఒకటి తిబెరి కైసరుది. రెండవది ఆంటోనినస్ పయస్ చక్రవర్తి భార్యయైన ఫాస్టీనాది. ఇక్ష్వాకులు క్రీ.శ. మూడవ శతాబ్దంవారు. తిబెరి చనిపోయిన రెండువందల ఏండ్లకు వారి నగరం వెలసింది!

పాఠకులు ఇక్కడ ఒక క్షణం ఆగవలెనని కోరుచున్నాను. లూకా సువార్త మూడవ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను పరిచర్య ఏ కైసరు ఏలుబడిలో ఆరంభమైనదని వ్రాయబడినదో ఆ తిబెరి కైసరే ఇతడు. ఇతని నాణేలలో మన దేశంలో ఎక్కువగా కనబడే రకానికి ఒకవైపు ఆకుల దండ ధరించిన తల, చుట్టూ ‘దైవమైన ఔగుస్తు కుమారుడు తిబెరి కైసరు ఔగుస్తు’ అను అర్థంగల లాటిను అక్షరాలు, రెండవవైపు కూర్చున్న స్త్రీమూర్తి, ‘ప్రధాన యాజకుడు’ అను బిరుదు ఉంటాయి. బంగారు నాణెం మీదను వెండి దేనారము మీదను ఇదే ముద్ర. ప్రభువు చేతికి తెచ్చి యిచ్చిన పన్నురూక ఈ రకపు దేనారమేనని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. సువార్త మన తీరానికి ఎప్పుడు వచ్చిందను విషయంలో భిన్నాభిప్రాయాలుండవచ్చు. కాని ఆయన కన్నులు చూచిన ఆ బొమ్మ మాత్రం ఓడనెక్కి మన దేశానికి వచ్చింది.

ముఖం మీద గాటు, మెడలో తాడు

వచ్చిన బంగారాన్ని మనవారు ఏమి చేశారు? ఇది చాలా ఆసక్తికరమైన విషయం. ఆనాడు మన ప్రాంతాన్ని ఏలిన శాతవాహనులు సీసంతోను, రాగి కలిసిన మిశ్రలోహంతోను, వెండితోను నాణేలు వేశారు. తీరప్రాంతానికి రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో సీసపు నాణేలు కూడా వేశారు. కాని బంగారు నాణేలు వేయలేదు. కనుక రోమను బంగారం ఇక్కడి సంతలో చిల్లరగా చెలామణి అయినట్లు కనబడదు. అది తూకానికి అమ్ముడుపోయే బంగారం. లేదా దాచుకొనే నిధి. లేదా ధరించుకొనే నగ.

తమిళదేశంలో పుదుక్కోట సంస్థానంలో 1898లో దొరికిన నిక్షేపంలో 501 బంగారు నాణేలున్నవి. వాటిలో నూటికి తొంభైకి పైగా నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉన్నది. బంగారం లోపలివరకు మంచిదేనా అని పరీక్షించడానికి అట్లు చేశారని కొందరు, ఇకమీదట ఇది నాణెంగా చెల్లదని తెలియజేయడానికని కొందరు అంటారు. కారణమేదైనా నేనందులో ఒక గుణపాఠం చూస్తున్నాను. రోములో ఆ ముఖానికి ప్రజలు ధూపం వేశారు. మన తీరంలో వర్తకుడు దానిని గీటురాయి దగ్గరకు తెచ్చాడు. ముఖం ఎవరిదైతే నేమి, బంగారమెంత అని మాత్రమే అడిగాడు.

ఇక స్త్రీల సంగతి. నెల్లూరు నాణేలకు రంధ్రాలున్నవని పైన చెప్పాను. కొన్ని నాణేలకు కొక్కెం అతికించినవి కూడా దేశంలో దొరికాయి. మన అమ్మమ్మల కాసులపేరు చూచినవారికి ఇది వింతగా తోచదు. నాణెం చెల్లుబాటు పోయినా మెడలో కాసుగా దానికి గౌరవం పోదు. బంగారం కొనలేనివారు కూడా ఈ ముచ్చట మానుకోలేదు. తెలంగాణలోని కొండాపురం త్రవ్వకాల్లో రోమను నాణేల ననుసరించి మట్టితో చేసి, త్రాడు దూర్చుకోవడానికి వీలుగా కొక్కెం పెట్టి కాల్చిన బిళ్లలు దొరికాయి. ధనవంతురాలి మెడలో బంగారు కైసరు, పేదరాలి మెడలో మట్టి కైసరు!

నాణెంతోపాటు దాని పేరు కూడా వచ్చింది. దేనారము అను రోమను మాట మన దేశంలో దీనారమైనది. నాగార్జునకొండలో రుద్రధరభట్టారిక అను రాణి ఒక స్తంభంతోపాటు 170 దీనారి మాషకాలు దానమిచ్చినట్లు శాసనమున్నది. మన తెలుగు బైబిలులో దేనారము అని చదివినప్పుడు అది ఎక్కడిదో పరదేశపు మాట అనుకుంటాము. ఆ మాటకు చుట్టమైన దీనారం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే కృష్ణ ఒడ్డున రాతి మీద చెక్కబడి ఉన్నది.

సేకరించినవారు – ఏరుకున్నవారు

పూర్వం ఈ నాణేలను సేకరించినవారిలో రెండు రకాలవారు కనబడుతున్నారు. అందమైనవి ఏరుకొని పెట్టెలో దాచుకున్నవారు కొందరు. దొరికినదంతా లెక్కపెట్టి, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో, ఎన్ని, ఎవరెవరివి అని వ్రాసిపెట్టినవారు కొందరు. మద్రాసు సివిలు సర్వీసులో పనిచేసిన రాబర్టు స్యూవెల్ రెండవ తెగవాడు. 1877లో అమరావతి స్తూపం వద్ద త్రవ్వకాలు జరిపిన ఆయనే 1904లో హిందూదేశంలో దొరికిన రోమను నాణేలన్నిటినీ వరుసబెట్టి ఒక వ్యాసం ప్రకటించాడు. తర్వాత పరమేశ్వరీలాల్ గుప్తా గారు ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమను నాణేల మీద వ్రాసిన గ్రంథాన్ని మన ప్రభుత్వమే 1965లో ప్రచురించింది. ఇట్టివారు లేకపోతే వినుకొండ నాణేలు పదిహేను అని గాని, వాటిలో చివరిది కారకల్లాది అని గాని నేడు నేను వ్రాయగలిగేవాడను కాను.

ఇందులోని తేడా చిన్నది కాదు. ఒక్క నాణెం చేతిలో ఉంటే రాజు పేరు తెలుస్తుంది, అంతే. అదే నాణెం ఏ దిబ్బలో, ఏ కుండలో, ఏ నాణేల సరసన దొరికిందో తెలిస్తే ఆ ఊరి చరిత్ర తెలుస్తుంది. తిబెరి నాణేలు ఎక్కడైనా ఉంటాయి; రోములోని ప్రదర్శనశాలలోను ఉంటాయి. కాని నాగార్జునకొండలో దొరికిన తిబెరి నాణెం మాత్రమే ఇక్ష్వాకుల ఇంటి సంగతి చెప్పగలదు. ట్రాజన్, హేడ్రియన్ మొదలైన రెండవ శతాబ్దపు చక్రవర్తుల నాణేలు నెల్లూరులోను వినుకొండలోను దొరకడం చేతనే, తూర్పుతీరపు వర్తకం మొదటి శతాబ్దంతో ఆగిపోలేదని చెప్పగలుగుతున్నారు. దొరికిన చోటును పోగొట్టుకున్న నాణెం, పేరు మరచిన అనాథ బిడ్డవంటిది.

ఈ విషయంలో ఇతరులకు బోధించే ముందు నా తప్పిదం నేను ఒప్పుకోవలెను. వేదాంత కళాశాలలో చదువుకొనే రోజుల్లో ఒక పట్టణంలో రైలుస్టేషను బయట తువ్వాలు పరచుకొని పాత నాణేలు అమ్మే ఒకతని దగ్గర పసుపుపచ్చని బిళ్ల ఒకటి చూచాను. మనిషి తల, చుట్టూ లాటిను అక్షరాలు. పొలంలో దొరికిందనీ, తెలిసినవాడు గనుక నాకిస్తున్నాననీ అతడు రహస్యంగా చెప్పాడు. పుస్తకాలకని ఇంటినుండి పంపిన డబ్బు అతని చేతిలో పెట్టి తెచ్చుకున్నాను. అతడు నిజంగా నమ్మి అమ్మితే తక్కువ ధరకు దక్కించుకున్నాననీ, ఎవరికీ చెప్పనక్కర లేదనీ నా మనస్సులో కలిగిన సంతోషాన్ని ఇప్పుడు తలచుకుంటే సిగ్గు కలుగుతుంది. కొన్ని ఏండ్ల తర్వాత దానిని ప్రసంగవేదిక మీద ఎత్తి చూపి కైసరు నాణెమని చెప్పాను కూడా! చివరకు చరిత్ర అధ్యాపకుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మిత్రుడు దానిని అంచుమీద నిలబెట్టి చూపాడు. చుట్టూ సన్నని గీత ఉన్నది. అనగా రెండు అచ్చుల మధ్య పోత పోసినది. నిజమైన నాణెం పోతది కాదు, ముద్రల మధ్య సుత్తితో కొట్టినది. తూకమూ సరిపోలేదు. అది బంగారు పూత పూసిన ఇత్తడి. తర్వాతి ఆదివారం అదే వేదిక మీద నిలబడి సంఘానికి ఆ సంగతి చెప్పి క్షమాపణ అడిగాను. నాణెం అబద్ధమని తెలిసినప్పుడు కలిగిన బాధకన్న, అది నిజమైనదైతే నేను చేసినది దొంగసొత్తు దాచడమే గదా అను తలంపు నన్ను ఎక్కువగా బాధించింది.

చట్టం ఏమంటున్నది

దొరికిన నిక్షేపం ఎవరిది? ఈ ప్రశ్నకు మన దేశంలో 1878 నుండి చట్టమున్నది. భూమిలో దాగియున్న విలువైన వస్తువు దొరికినవాడు ఆ సంగతి జిల్లా కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. విచారణ మీదట దానికి హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవానికి మూడు పాళ్లు, భూమి సొంతదారుకు ఒక పాలు చెందుతుంది. ప్రభుత్వం దానిని తీసికొనదలిస్తే లోహపు విలువ, దానిపై అయిదవ వంతు చేర్చి చెల్లించవలెను. దాచిపెట్టినవానికి మాత్రం శిక్షయున్నది, భాగమూ పోతుంది. ఇదిగాక 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇట్టి వస్తువులను లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడమూ, దేశం దాటించడమూ నేరం.

చాలామంది పేదలకు శిక్ష సంగతి మాత్రమే తెలుసును, భాగం సంగతి తెలియదు. కచేరీ మెట్లెక్కితే బంగారం పోయి కేసు మిగులుతుందని భయం. ఆ భయంతోనే మనిషి చీకట్లో కంసాలి గుమ్మం తొక్కుతాడు. కంసాలి కూడా భయంతోనే త్వరగా మూస ఎక్కిస్తాడు. మా పెద్దాయన తండ్రిని నేను తప్పుపట్టలేను. మన్ను మోసే కూలివానికి దొరికిన బంగారాన్ని భార్య చెవులకు పెట్టాలనుకోవడం, ఆ కమ్మలే ఉప్పెననాడు పిల్లల కడుపు నింపడం, వీటిని నేను దోషమని ఎట్లు పలుకుదును? కాని ఎవరైనా చదువుకున్నవాడు ఆనాడు అతని ప్రక్కన నిలబడి కలెక్టరుకు అర్జీ వ్రాసిపెట్టి ఉంటే, ఆ కుటుంబానికి భాగమూ దక్కేది, మన సీమకు చరిత్రా దక్కేది. అట్లు నిలబడగల మనిషి ప్రతి ఊళ్లోను ఉండవలెను. పాస్టరు ఎందుకు కాకూడదు? పొలంలో ఏదైనా దొరికితే తోమవద్దనీ, గీటురాయి మీద రుద్దవద్దనీ, దొరికిన చోటు గుర్తు పెట్టుకొమ్మనీ మా సంఘంలో ఇప్పుడు చెబుతున్నాను. అర్జీ నేను వ్రాసిపెడతాననీ చెబుతున్నాను.

కైసరువి కైసరునకు

పొలంలో దాచబడిన ధనాన్ని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానంలో ఆ మనిషి తనకు కలిగినదంతా అమ్మి ఆ పొలం కొంటాడు. ధనం ఒక్కటే ఎత్తుకొని పోడు. పొలంతో సహా కొంటాడు. ఈ సంగతి నాకు నాణేల చరిత్ర చదివిన తర్వాతనే కొత్తగా తోచింది. పొలం నుండి విడదీసిన నాణెం సగం నాణెమే.

ఈ శతవార్షిక సమయమందు మన సంఘాలకు కూడా ఇది వర్తించునని నా మనవి. మనకు రోమను బంగారం లేదు. కాని పాత బాప్తిస్మపు రిజిస్టర్లున్నవి. వాటిలో మన ముత్తాతల పేర్లు, వారి ఊళ్లు, ఒక్కొక్కచోట వారి వృత్తులు కూడా ఉన్నవి. పాత ప్రభురాత్రి భోజన పాత్రలున్నవి, గంటలున్నవి, సమాధి ఫలకాలున్నవి. 1841లో నోబుల్, ఫాక్సు దొరలు బందరులో దిగిన నాటినుండి ఎంత వ్రాతకోతలు జరిగి ఉంటాయి! 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరులో వేలకొలది ప్రాణాలతోపాటు ఎన్నిటిని మింగినదో, 1977 నాటిది మన దివిసీమలో ఎన్నిటిని మింగినదో దేవునికే ఎరుక. నీరు తీసికొనిపోయినదానికి మనము చేయగలిగినది లేదు. కాని కొత్త పాత్రలు వచ్చినవని పాతవాటిని తూకానికి వేయడం, చెదలు పట్టినవని రిజిస్టర్లను తగులబెట్టడం మన చేతులు చేసే పని. అది కూడా నాణేన్ని మూసలో వేయడమే.

ప్రభువు ఆ రూక మీది రూపాన్ని చూపించి, కైసరువి కైసరునకును దేవునివి దేవునికిని చెల్లించుమన్నాడు. కైసరు రూపం లోహం మీద ఉన్నది. దేవుని రూపం మనుష్యుని మీద ఉన్నదని ఆదికాండము మొదటి అధ్యాయం చెబుతున్నది. ఆ కైసరు సామ్రాజ్యం లేదు, అతనికి పన్ను వసూలు చేసే సుంకరి లేడు; అతని బొమ్మ పుదుక్కోటలో గాటు పడి, నెల్లూరులో చిల్లు పడి, ఎన్నో ఊళ్లలో కరిగి నీరైపోయింది. దేవుని రూపమున్న ఆ మన్ను మోసే కూలివాని పేరు మాత్రం ఏ చరిత్రలోను ఎక్కలేదు. అతని వెతుకులాటలో దొరికిన మూడు బిళ్లలు ఎవరివో నేను చెప్పలేను గాని, అతడు ఎవరివాడో చెప్పగలను.

ఆ పెద్దాయనకు ఆ మాటే చెప్పాను. ఒక గ్రంథంలోని తిబెరి నాణెపు బొమ్మను కూడా చూపించాను. కళ్లజోడు సవరించుకొని చాలాసేపు చూచాడు. “ఏమో అయ్యగారూ, చిన్నప్పటి సంగతి. ఇట్టాగే ఉన్నట్టుంది, కాదన్నట్టూ ఉంది” అన్నాడు. తర్వాత పుస్తకం మూసి నా చేతికిచ్చి, “మా అమ్మ కమ్మలు మాత్రం బాగా గుర్తున్నాయండీ” అన్నాడు.

ఈ నూరు సంవత్సరములు మనలను కాపాడిన దేవుడు, ఆయన మన చేతుల కప్పగించిన వాటిని నమ్మకముగా భద్రపరచు కృపను మనకు దయచేయును గాక. ఆమేన్.